ఎడమ చేతికి ఒకటి, కుడి చేతికి ఒకటి: పల్నాడు మిరప చేలల్లో

పల్నాడు వెళ్ళి వచ్చానని చెబితే అందరూ మొదట అడిగేది ఎత్తిపోతల జలపాతం చూశావా అని. చూడలేదు. పోనీ కోటప్పకొండ ఎక్కావా? ఎక్కలేదు, కారు కిటికీలోంచి ఒక దణ్ణం పెట్టాను. మరి అన్ని రోజులు ఏం చూశావంటే, చేతులు చూశాను. మిరపకాయలు కోసే ఆడవాళ్ళ చేతులు. ఆ పని మీదే వెళ్ళాను.

నా ఉద్యోగం గురించి రెండు ముక్కలు చెప్పకపోతే ఈ ప్రయాణం అర్థం కాదు. కొత్త మందు తయారయ్యాక అది నిజంగా పనిచేస్తుందా లేదా అని మనుషులకు ఇచ్చి చూస్తారు. దాన్ని క్లినికల్ ట్రయల్ అంటారు. ఎంతమందికి ఇవ్వాలి, ఎవరికి అసలు మందు, ఎవరికి మందు కలపని ఉత్తది, ఎన్నాళ్ళు చూడాలి అన్నదానికి ముందే ఒక పథకం వేసుకోవాలి. ఆ పథకం వేసే మనిషిని నేను. స్టాటిస్టీషియన్ అంటారు. కాకినాడలో మా అమ్మ మాత్రం "మా అమ్మాయి హైదరాబాదులో మందుల షాపులో లెక్కలు చూస్తుందండి" అని అందరికీ చెప్పి పెట్టింది.

మాది చిన్న కంపెనీ. మిరపకాయలు కోస్తే చేతులు మండుతాయి కదా, ఆ మంటకు మావాళ్ళు ఒక క్రీము చేశారు. దానివల్ల హాని లేదని అంతకుముందే తేలింది. మంట తగ్గిస్తుందా అన్నది తేలాలి. చేతిలో ఉన్న డబ్బు ఒక్క కోతల కాలానికే సరిపోతుంది. ఆ కాలం దాటితే క్రీము అటకెక్కినట్టే. మామూలు పద్ధతిలో అయితే సగం మందికి మందు క్రీము, సగం మందికి ఉత్త క్రీము ఇచ్చి పోల్చాలి. మనిషి మనిషికీ చర్మం వేరు, ఓర్పు వేరు. ఆ తేడాలన్నీ సర్దుకోవాలంటే చాలామంది కావాలి. అంతమందిని పెట్టుకునే స్తోమత మాకు లేదు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ప్రతి మనిషికీ దేవుడు రెండు చేతులిచ్చాడు. ఒక చేతికి మందు క్రీము, రెండో చేతికి ఉత్త క్రీము రాయిద్దాం. ఏ చేతికి ఏదన్నది చీటీ తీసి తేలుద్దాం. ఏది ఎక్కడ పడిందో రాసుకున్నవాళ్ళకూ తెలియదు, అడిగే మాకూ తెలియదు. సాయంత్రం ఏ చెయ్యి తక్కువ మండిందో చెబితే చాలు. మనిషి ఒకరే, చర్మం ఒకటే, చేను ఒకటే. కొద్దిమందితోనే పని తీరిపోతుంది. మీటింగులో మా డైరెక్టరు గారు బల్ల చరిచి మరీ మెచ్చుకున్నారు. "ఎథిక్స్ కమిటీకి పంపేముందు ఒకసారి ఆ ఊళ్ళు చూసి, ఒప్పుకునేవాళ్ళున్నారో లేదో కనుక్కుని రా" అన్నారు. నాకది పనిలా కాక బహుమతిలా అనిపించింది. పెట్టెలో ఒక కొత్త చుడీదార్ కూడా పెట్టుకున్నాను.

నరసరావుపేటలో నమస్కారం

మా కాకినాడ వాళ్ళం మాట చివర 'అండి' తగిలించకుండా మంచినీళ్ళు కూడా అడగలేం. బస్టాండు ఎదురుగా హోటల్లో కూర్చుని, "రెండు ఇడ్లీ ఇస్తారాండీ?" అన్నాను. వడ్డించే పెద్దాయన నన్ను తేరిపార చూసి, "ఇయ్యకుండా ఏం జేస్తాం, అందుకేగా పెట్టుకుంది" అన్నాడు. ఆ గొంతులో కోపమేమీ లేదు. ఉన్న సంగతి చెప్పాడంతే. రెండు రోజులయ్యేసరికి నాకు ఆ మాటతీరే హాయి అనిపించింది. ఎవరి మనసులో ఏముందో ఊహించే శ్రమ ఉండదు.

ఇడ్లీ మీద ఎర్రగా కారప్పొడి, దానిమీద నెయ్యి వేసి తెచ్చాడు. మొదటి ముద్దకు ముక్కు కారింది, రెండో ముద్దకు కళ్ళు. "కారం ఎక్కువైందా ఏంది?" అన్నాడు. "కొంచెమండి" అన్నాను. "అది చిన్నపిల్లలకేసే పొడి" అని ఇంకో గరిటె నెయ్యి పోశాడు. ఆ నెయ్యికి డబ్బులు తీసుకోలేదు. మా వైపు హోటళ్ళలో చట్నీ రెండోసారి అడిగితే చాలు, అదోలా మొహం చూస్తారు.

నేను కలవాల్సిన మనిషి డాక్టర్ నాగూర్ వలీ. చర్మవ్యాధుల డాక్టరు, ఈ ట్రయల్‌ను ఇక్కడ నడిపించేది ఆయనే. కింద వాళ్ళన్నయ్య బోరు మోటార్లు బాగుచేసే షెడ్డు, పైన ఈయన ఆసుపత్రి. కింద మోటారు ఆన్ చేసినప్పుడల్లా పైన డాక్టరూ రోగీ మాట ఆపేసి ఒకరినొకరు చూసుకుంటూ కూర్చుంటారు. మోటారు ఆగిన ఆ మధ్య మధ్య విరామాల్లోనే నా పథకమంతా చెప్పాను. బొమ్మ గీసి చూపించాను. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, మధ్యలో చీటీ.

ఆయన శ్రద్ధగా విన్నాడు. తర్వాత కుర్చీలోంచి లేచి, రెండు చేతులూ జోడించి, "నమస్కారం మేడం" అన్నాడు.

ఇంత మర్యాద ఎందుకో తెలియక నేనూ లేచి నమస్కారం పెట్టాను.

"అయిపోయింది మీ ట్రయలు" అన్నాడు. "ఎడమ చేతి క్రీము కుడి చేతికి అంటింది."

నాకు నవ్వూ వచ్చింది, ఉక్రోషమూ వచ్చింది. "ఒక్కపూట చేతులు కలపొద్దని చెబుదామండి. నమస్కారాలు సాయంత్రం పెట్టుకోవచ్చు కదా" అన్నాను.

"చెబుదాం మేడం. చేతులు కడుక్కునేటప్పుడు ఒక్కో చెయ్యి విడిగా కడుక్కోమని కూడా చెబుదాం. నేను కాదన్లా. మీ బొమ్మ చానా బాగుంది."

బొమ్మ బాగుందన్న ఆ మాట నన్ను పొడిచింది. ఇద్దరం అరగంట వాదించుకున్నాం. అంటుకున్నా కొంచెమేగా అని నేను. ఎంత కొంచెమో ఎవరికి తెలుసని ఆయన. మోటారు మా ఇద్దరి నోళ్ళూ మూయించినప్పుడు నాకే తోచింది: పరీక్షించి తేల్చుకోవడం కదా నా వృత్తి, ఇక్కడ కూర్చుని వాదిస్తున్నానేంటి?

"రేపు ఒకపూట నేనే కోస్తానండి. రెండు చేతులకూ ఉత్త క్రీమే. ఒక చేతి క్రీములో మాత్రం రంగు కలుపుదాం. ఆ రంగు ఎంతదూరం పోతుందో చూద్దాం" అన్నాను.

డాక్టరు మొహం వెలిగిపోయింది. ఇద్దరం బజారుకు వెళ్ళి ఒక బేకరీలో కేకుల మీద వేసే నీలిరంగు అడిగాం. "పుట్టినరోజా?" అన్నాడు కొట్టు అతను. "కాదు, మేడం చేతికి" అన్నాడు డాక్టరు. అతను ఇంకేమీ అడగలేదు. డాక్టర్లు ఏమైనా రాస్తారని అతనికి తెలిసినట్టుంది.

ఆ మధ్యాహ్నం డాక్టరు గారి తల్లి మా ఇద్దరికీ బిర్యానీ పెట్టింది. నేను ఆవకాయ అడిగితే బిర్యానీలోకి ఆవకాయేందమ్మా అని ఆవిడ మనస్ఫూర్తిగా బాధపడింది. అయినా తెచ్చి పెట్టింది. కాకినాడలో అందరం ఇలాగే తింటామని చెప్పాను. అది అబద్ధం. మా ఇంట్లో మాత్రమే తింటాం.

మాచర్ల దగ్గర చేను

పొద్దున్నే మాచర్ల అవతల చేను గట్టున కారు దిగాం. మిరప చేను దూరం నుంచి చూస్తే పచ్చచీరకు ఎర్ర చుక్కలు కుట్టినట్టుంటుంది. దగ్గరికి వెళితే ముందు తుమ్ము వస్తుంది. పాత చొక్కాలు తొడుక్కుని, తలకు గుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్ళు అప్పటికే సాళ్ళలో వంగి ఉన్నారు. ఇక్కడ కోతలకు ముఠాలుగా వస్తారు. ఒక ముఠా అంటే ఒకే ఊరివాళ్ళు, ఒకే ఆటోలో వచ్చి, ఒకే చేను కోసి, కలిసి తిని, కలిసి పోతారు. ఈ ముఠాకు పెద్ద కోటమ్మ. యాభై దాటిన మనిషి, గొంతు మాత్రం చేను ఆ చివరికి కూడా చేరుతుంది.

"కోటమ్మ గారూ, నమస్కారమండి" అన్నాను.

ఆవిడ నడుం ఎత్తి, "ఏమే, విన్నారా? నేను గారునంట!" అని కేకేసింది. చేనంతా నవ్వింది. తర్వాత నా వైపు తిరిగి, "పిన్నీ అనమ్మాయ్, పలుకుతా" అంది. అప్పటినుంచి పిన్నే.

నా ఎడమ చేతికి నీలిరంగు క్రీము, కుడి చేతికి తెల్ల క్రీము రాసి డాక్టరు గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్నాడు. చేతులు ఒకదానికొకటి తగలనివ్వకూడదని నేను గట్టిగా అనుకున్నాను. కుడిచేత్తో కాయ పట్టుకుంటే కొమ్మ మొత్తం వస్తోంది. ఎడమచేత్తో కొమ్మ పట్టుకుంటే తప్ప కాయ తెగదు. పక్క సాలులో నాగేంద్రం అనే ఆవిడ ఉంది. నా వయసే ఉంటుంది. మాటలు తక్కువ. ఆవిడ వేళ్ళు కదులుతున్నాయో లేదో తెలియకుండానే ఒడి నిండుతోంది. నా ఒడిలో పడ్డవాటిలో సగం ఆకులు.

"ఆకులు కూడా తూకమేస్తారా పిన్నీ?" అన్నాను.

"నీకు కూలి ఆకుల్లోనే ఇస్తాం" అంది కోటమ్మ.

ఎండ ఎక్కింది. చెమట కంట్లోకి కారింది. నేనేం చేశానో నాకే తెలియలేదు. చేసింది మాత్రం కన్ను నలుపుకోవడం.

ఆ తర్వాత కాసేపు నాకు పల్నాడు కనబడలేదు. "నలపమాక! నలపమాక!" అని నాలుగు దిక్కులనుంచీ అరుపులు. ఎవరో నా రెండు మణికట్లూ పట్టుకున్నారు. ఎవరో తల వెనక్కి వంచారు. చెంబుతో నీళ్ళు కళ్ళల్లోకి పోస్తూనే ఉన్నారు. డాక్టరు గొడుగు వదిలేసి పరుగెత్తుకొచ్చి, ఇంకా పోయండి, ఇంకా పోయండి అంటున్నాడు. వీళ్ళంతా ఇంత కంగారులోనూ నవ్వు ఆపుకోలేకపోతున్నారని చెవులకు తెలుస్తోంది. మంట కొంచెం తగ్గి కళ్ళు తెరిచేసరికి ఎందుకు నవ్వుతున్నారో అర్థమైంది. డాక్టరు నా ఫోనుతోనే ఫొటో తీసి నా మొహం నాకు చూపించాడు. కంటి చుట్టూ నీలం, ముక్కు మీద నీలం, చెవి కింద నీలం.

అన్నాల వేళ తుమ్మచెట్టు నీడలో అందరం కూర్చున్నాం. అప్పుడు డాక్టరూ నేనూ రంగు ఎక్కడెక్కడికి పోయిందో వెతకడం మొదలుపెట్టాం. నా కుడి చెయ్యి ఎడమ చెయ్యంత నీలంగా ఉంది. కొత్త చుడీదార్ సంగతి చెప్పను. అక్కడితో ఆగలేదు. నా మణికట్లు పట్టుకున్న నాగేంద్రం అరచేతుల్లో నీలం. చెంబుకు నీలం. అందరూ చేతులకు రాసుకునే కొబ్బరినూనె సీసాకు నీలం. ఆ సీసా అందుకున్న ప్రతివాళ్ళ వేళ్ళకూ కాస్తో కూస్తో నీలం. కోటమ్మ చెంప మీద ఐదు వేళ్ళ అచ్చు ఉంది. అది ఎవరిదో ఎవరూ ఒప్పుకోలేదు.

గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ, మజ్జిగ కలిపిన అన్నం పెట్టారు. మా వైపు గోంగూర పులుపు కోసం తింటాం. ఇక్కడ గోంగూరకు పులుపు ఉంటుందన్న సంగతి కారం దాటి వెళితే తప్ప తెలియదు. తినే ముందు అందరూ చేతులు బాగా రుద్ది కడిగారు. కడిగితే క్రీము పోతుంది కదా అనుకుంటూ నేనూ కడిగాను. అయినా వేలి గోళ్ళ దగ్గరనుంచి నీలం ముద్దలోకి దిగింది.

నేను తినడం ఆపేసి నవ్వడం మొదలుపెట్టాను. ఆపుకోలేకపోయాను. బల్ల చరిచిన డైరెక్టరు గారు గుర్తొచ్చారు, బొమ్మ గుర్తొచ్చింది. నవ్వు చివర్లో కొంచెం ఏడుపు కూడా ఉంది. అది మిరపకాయ వల్ల అనుకున్నారు వాళ్ళు.

రెంటచింతల మీదుగా

గురజాల వెళుతూ రెంటచింతల దగ్గర గోలీసోడా తాగడానికి ఆగాం. ఎండలకు పేరుపడిన ఊరు. ఇంకా వేసవి రాకముందే కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. రెండు చేతుల పథకం పోయిందని నాకు తెలుసు. దిగులల్లా దాని తర్వాత పథకం కూడా పోవడం గురించి. ముఠాలో కొందరికి మందు ట్యూబు, కొందరికి ఉత్త ట్యూబు ఇస్తే? నూనె సీసా తిరిగినట్టే ట్యూబులూ తిరుగుతాయి. మందు మంచిదే అయినా అందరికీ తలా కాస్తా అంటి, తేడా లేదని తేలుతుంది. మంచి మందును మన పథకమే చంపేస్తుంది.

"వాళ్ళు ఏది చేసినా ముఠాగా చేస్తారు మేడం. విడదీస్తే విడిపోరు" అన్నాడు డాక్టరు, సోడా గోలీ నొక్కలేక తంటాలు పడుతూ.

"విడదీయకుండా ఉంటేనో?" అన్నాను. అనేశాక నేను చెప్పింది నాకే వినబడింది. "ముఠా మొత్తానికీ ఒకటే క్రీము. పంచుకున్నా, పూసుకున్నా ఫర్వాలేదు. అందరిదీ ఒకటే. కొన్నాళ్ళు అది వాడాక, కొన్నాళ్ళు ఏదీ వద్దని ఆపి, తర్వాత అందరికీ రెండోది. ఏ ముఠాను ఆ ముఠాతోనే పోల్చుకుందాం."

ఆయన సోడా పక్కన పెట్టాడు. మళ్ళీ వాదన మొదలైంది, కానీ ఈసారి రుచిగా ఉంది.

"రోజురోజుకీ ఎండ ముదురుద్ది. రెండోసారి ఇచ్చిన క్రీము పాపం దెబ్బతినదా?"

"సగం ముఠాలు మందుతో మొదలుపెడతాయి, సగం ముఠాలు ఉత్తదానితో. చీటీ వేసి తేలుద్దాం. ఎండ దెబ్బ రెండు క్రీములకూ సమానంగా తగులుతుంది."

"మొదటి క్రీము గుణం ఇంకా చేతులకు ఉండిపోతే?"

"మంట రెండు మూడు రోజులు పనాపితే చల్లారుతుందని మీరే అన్నారు. విరామం అంతకన్నా ఎక్కువ పెడదాం."

"కోటమ్మ ముఠాలో జనం బాగానే ఉన్నారు. వాళ్ళతోనే సరిపెడదామా?"

"చాలదండి. ఒకే చేను, ఒకే నూనె, ఒకే నవ్వు. ఎంతమంది ఉన్నా ఒక్క ముఠా ఒక్క మనిషి లాంటిదే. వేరువేరు ఊళ్ళ ముఠాలు కావాలి. నరసరావుపేట వైపు కొన్ని, మాచర్ల వైపు కొన్ని, గురజాల వైపు కొన్ని."

డాక్టరు ఇంకా ఏదో అడగబోయి ఆగిపోయాడు. గోలీ ఒక్కసారిగా లోపలికి పడి సోడా ఆయన చొక్కా మీదికి చిమ్మింది. "ఇది పన్జేసుద్ది మేడం" అన్నాడు, చొక్కా దులుపుకుంటూ. సోడా గురించి అన్నాడేమో అనుకున్నాను. పథకం గురించే అన్నాడు.

గురజాలలో ముగ్గురు

మర్నాడు కోటమ్మ ముఠా గురజాల దగ్గర ఇంకో చేలో ఉంది. నిన్న కళ్ళు కడిగినవాళ్ళే కాబట్టి ముందు వీళ్ళనే అడుగుదామని వెళ్ళాం. కమిటీ ఒప్పుకున్నాక ఎవరెవరు ముందుకొస్తారో ఇప్పుడే తెలుసుకోవాలి. చేను గట్టు మీద అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఒక ట్యూబులో మందుంటుంది, ఒకదాంట్లో ఉండదు, ఏది ఎప్పుడిస్తున్నామో మీకూ మాకూ తెలియదు, పనిచేస్తుందో లేదో నిజంగా మాకు తెలియదు, తెలుసుకోవడానికే ఇదంతా అన్నాను.

కోటమ్మ చేతులు దులుపుకుని, "మాకు సమ్మతమే. అందరం రాసుకుంటాం. రాసుకో అమ్మాయ్" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. మొదటి ముఠా దొరికింది. అప్పుడే వెనకనుంచి నాగేంద్రం, "నేను రాసుకోను" అంది.

కోటమ్మ వెనక్కి తిరిగింది. "రాసుకోక ఏం జేస్తావ్? అందరూ రాసుకుంటుంటే నీకేందంట?"

"నేను రాసుకోనత్తా."

"ముఠాలో ఉండాలా వద్దా నీకు?"

డాక్టరు నా వైపు చూశాడు. నిజం చెబుతాను, ఆ క్షణంలో నోరు మూసుకుని కూర్చుంటే బాగుండుననిపించింది. కోటమ్మ ఎలాగూ ఒప్పించేస్తుంది. ఇప్పుడు నేను కాదంటే కోటమ్మకు చిన్నతనం. ఆవిడ లేచి వెళ్ళిపోతే ముఠా వెళ్ళిపోతుంది. ఈ సంగతి ఆటోలెక్కి మిగతా ముఠాలకూ చేరుతుంది. అప్పుడు ఈ పథకానికీ నీలిరంగే గతి. కానీ నాగేంద్రం తల దించుకుని తన వేళ్ళు చూసుకుంటోంది. నిన్న నా మణికట్లు పట్టుకున్న వేళ్ళవి. గోళ్ళలో ఇంకా నీలం పోలేదు.

"పిన్నీ, అలా కుదరదు" అన్నాను. "ముఠా అంతటికీ కలిపి మీరు సరే అంటే సరిపోదు. ఎవరికి వాళ్ళు చెప్పాలి. వద్దన్నవాళ్ళు వద్దన్నట్టే. దానివల్ల వాళ్ళ పని పోకూడదు. అలా పోయేట్టయితే నేను ఈ ముఠానే తీసుకోను."

కోటమ్మ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "మరెందుకు వద్దంటందో చెప్పమను."

నేను నాగేంద్రం వైపు చూశాను. ఆవిడ తలెత్తింది. "కారణం చెప్పాలా?"

"అక్కర్లేదు" అన్నాను.

"అయితే చెప్పను" అంది నాగేంద్రం. అంతే. ఇప్పటికీ నాకు ఆ కారణం తెలియదు.

అప్పుడు కోటమ్మ, "కారణం జెప్పక్కర్లేదా? నిజంగానా?" అని అడిగింది.

"అక్కర్లేదు పిన్నీ. ఎవరూ చెప్పక్కర్లేదు."

"మొదలుపెట్టినాక మధ్యలో మానేసినా?"

"మానేయొచ్చు. అప్పుడూ చెప్పక్కర్లేదు."

"అట్టయితే నేను కూడా రాసుకోను" అంది కోటమ్మ. "నాకు జిడ్డు పడదు."

చేనంతా నవ్వులతో దద్దరిల్లిపోయింది. "ఇందాకటిదాకా మమ్మల్ని తరిమావు గదత్తా!" అని ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. "మీకు పడుద్దిగా, మీరు రాసుకోండి" అంది కోటమ్మ, ఏమాత్రం తొణక్కుండా. ఇంకొకావిడ కూడా చెయ్యెత్తి తప్పుకుంది. ముగ్గురు. నాలుగో చెయ్యి లేవలేదు. మిగతావాళ్ళను ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి విడిగా అడిగాం. ఒప్పుకుంటామన్నారు. ఒకావిడ మాత్రం ట్యూబు అయిపోయాక దాని మూత మా పిల్లకియ్యొచ్చా అని అడిగింది.

మిగతా ఊళ్ళలో ముఠాలను వెతకడంలో డాక్టరు కన్నా కోటమ్మే ఎక్కువ సాయం చేసింది. ఫోను తీసి తనకు తెలిసిన ప్రతి ముఠా పెద్దకూ చేసి, "రాసుకుంటే రాసుకో, లేకపోతే లేదు, కారణం జెప్పక్కర్లేదంట!" అని అరిచి మరీ చెప్పింది. నేను తయారుచేసి పెట్టుకున్న వివరణ కన్నా అదే బాగా ఎక్కింది.

నడికుడి ప్లాట్‌ఫారం

తిరుగు రైలు నడికుడిలో ఎక్కాలి. రైలు ఆలస్యమన్నారు. ప్లాట్‌ఫారం మీద వేయించిన వేరుశనక్కాయలు కొనుక్కుని, వాయిదా వేస్తూ వస్తున్న ఫోను చేశాను.

"ఎలా ఉంది మన ఎడమ కుడి?" అన్నారు డైరెక్టరు గారు హుషారుగా.

నా నీలి మొహం ఫొటో పంపాను. అవతలనుంచి ఒక పెద్ద నవ్వు, ఆ వెంటనే, "అయితే ఇప్పుడేం చేద్దాం?" అన్న ప్రశ్న. కొత్త పథకం చెప్పాను. ఖర్చు చేతుల పథకం కన్నా ఎక్కువ, మామూలు పథకం కన్నా చాలా తక్కువ, కష్టపడితే ఈ కోతల్లోనే అవుతుందన్నాను.

"కానీ ఆ చేతుల పథకమే ముచ్చటగా ఉందమ్మా. కొద్దిమందితో అయిపోయేది" అన్నారు ఆయన బాధగా.

"తొందరగా అయిపోయేదండి. కానీ చివరికి రెండు చేతులకూ తేడా లేదని వస్తే, మందు పనిచేయలేదా, లేక చేతులు రుద్దుకున్నారా అని మీరు అడుగుతారు. నా దగ్గర జవాబుండదు. తక్కువ ఖర్చుతో ఏమీ తెలుసుకోకపోవడం అవుతుంది."

మైకులో రైలు ప్రకటన మొదలైంది. తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ అయ్యేదాకా ఇద్దరం ఆగాం. "సరే, రాసి పంపు" అన్నారు. వేరుశనక్కాయల పొట్లం విప్పాను. దానిమీద కూడా కారం చల్లి ఇచ్చారు.

తిరిగి వచ్చాక

కమిటీ రెండు ప్రశ్నలు వేసి ఒప్పుకుంది. చివరి కోతలు అయ్యేలోగా ట్రయల్ ముగిసింది. ఏ ముఠాకు ఎప్పుడు ఏది ఇచ్చామో విప్పి చూసిన రోజు డైరెక్టరు గారు వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. లెక్క వచ్చింది. మందు క్రీముకూ ఉత్త క్రీముకూ తేడా లేదు.

ఆయన ఎదురు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నమ్మొచ్చా?" అని ఒకే మాట అడిగారు.

"నమ్మొచ్చండి" అన్నాను. అలా చెప్పగలిగినందుకు గర్వమూ వేసింది, అలా చెప్పాల్సి వచ్చినందుకు దిగులూ వేసింది. పెద్ద ట్రయల్‌కు పోకుండా క్రీము అక్కడే ఆపేశారు. దాన్ని తయారుచేసినవాళ్ళు ఆ సాయంత్రం క్యాంటీన్‌లో ఒక మూల విడిగా కూర్చున్నారు. నేనే టీ తీసుకెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నాను.

ఫలితం ముఠాలకు చెప్పే బాధ్యత డాక్టరు గారిది. ఒక్క కోటమ్మకు మాత్రం నేనే ఫోను చేశాను.

"పన్జెయ్యదా?" అంది.

"లేదు పిన్నీ."

"మావాళ్ళు కొందరు తగ్గిందన్నారే?"

"ఉత్త క్రీము రాసుకున్నప్పుడు కూడా అంతే తగ్గిందన్నారు."

"పోన్లే. పన్జెయ్యందాన్ని కొనుక్కునే పని తప్పింది. మరి మా చేతులకి ఏం తెస్తావ్?"

"చూస్తున్నాం పిన్నీ. ఇంకా ఏమీ అనుకోలేదు."

"చూడు, చూడు. మళ్ళీ కోతలు రానే వస్తయ్. ఇదిగో, ఆటో వచ్చింది, ఉంటా" అని పెట్టేసింది.